పలక మీద మిగిలిన శనక్కాయలు

బావి నీళ్లు తోడే కపిలను ఎద్దులతో తోలుతూ జారిపడి, గట్టు రాతికి తల కొట్టుకున్నాక మా నాయన మారిపోయాడు. గాయం మానింది. కానీ కంచంలో ఒకపక్క అన్నం అలాగే వదిలేసి ఇంకా పెట్టమనేవాడు. “పని ఎగ్గొట్టేకి నాటకాలాడుతాండాడు” అన్నాడు చిన్నాయన నలుగురిలో. ఆ మాట నేను మరవలేదు.

నాయనేమో మళ్లీ ఎద్దుల్ని తోలతానని మొండిపట్టు. తోలనివ్వవచ్చో లేదో తేల్చుకుందామని అనంతపురం తీసుకుపోయాను.

అక్కడి మెదడు డాక్టరు పొద్దుననగా మొదలుపెట్టిన పరీక్ష సాయంత్రం దాకా సాగింది. చెక్కముక్కలు పేర్చాలి, అంకెలు వెనక్కి చెప్పాలి, బొమ్మలు గుర్తుపెట్టుకోవాలి. మధ్యాహ్నానికే నాయన తూగాడు. “పల్లెటూరోళ్లకు ఇవి యాడొస్తాయి సార్” అన్నాడు పక్కనున్న సహాయకుడు. ఆ మాటా మరవలేదు.

మరునాడు డాక్టరు అదే పరీక్షకు నన్ను కూర్చోమన్నాడు.

“నాకేం రోగం సార్?”

“ఏమీ లేదప్పా. అందుకే నువ్వు కావాల.”

అవమానంతో పళ్లు కొరుక్కుంటూ చేశాను. సాయంత్రానికి నాకూ అంకెలు తిరగబడ్డాయి. నేను తప్పినకొద్దీ ఆయన మొహం వెలిగింది. నాకు ఒళ్లు మండింది.

“నువ్వూ తప్పినావంటే అది అలుపు, బడికి పోకపోవడం. దాంతో జబ్బు తెలీదు. నువ్వు చేసి మీ నాయన చేయలేనిదే నాకు పనికొస్తాది” అన్నాడు. మాలాంటి వాళ్లను ఎందరినో అలాగే కూర్చోబెట్టి, రోజంతటి పరీక్షలో పనికిరానివన్నీ ఏరేస్తున్నాడట. కోపంలోనూ మెచ్చుకోక తప్పలేదు. అంత చదివినవాడు తన పరీక్షనే అనుమానించడం నేను మరెక్కడా చూడలేదు.

ఆఖరికి మిగిలింది కాఫీ తాగేంత సేపటి పని. అందులో ఒకటి: వెడల్పాటి పలక మీద శనక్కాయలు చల్లి, అన్నీ ఏరమన్నాడు. నేను ఒక్కటీ వదల్లేదు. నాయన కుడివైపువి ఏరి, “అయిపాయ” అన్నాడు. ఎడమవైపువి అలాగే ఉన్నాయి.

“కన్ను బాగుండాది. ఎడమ పక్కొకటి ఉండాదని మెదడే మరిచింది. ఎద్దుల్ని తోలితే బావిలో పడతాడు” అన్నాడు డాక్టరు.

“నాకేమైందప్పా? నేను తోలతా” అని నాయన లేచాడు.

డాక్టరు వాదించలేదు. పలకను ఎడమవైపు కుడికి వచ్చేలా తిప్పాడు. నాయన కళ్ల ముందు శనక్కాయలు.

“ఇవి యాడివి?”

నాయన ఒక్కొక్కటే ఏరుతూ, “మీ చిన్నాయనకు చెప్పు, ఎద్దుల్ని వాడే తోలతాడు” అన్నాడు.

నాయనకు ఎడమ పక్కనే ఉన్నాను. నన్ను తోలమనలేదు.