పసుపు నీళ్ల రేడియేటరు

నా చిన్నప్పుడు మా నాయనకు ఒక బస్సు ఉండేది. ఒకటే బస్సు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పోయి వచ్చేది. మా చిన్నాయన దాన్ని నడిపేవాడు. బస్సున్న ఇల్లంటే ఏదో కలిగిన ఇల్లనుకునేరు, అదేం లేదు. యుద్ధం రోజుల్లో ఆ బస్సు మమ్మల్ని పీల్చి పిప్పి చేసింది. పెట్రోలు దొరక్క, వెనకాల బొగ్గు పొయ్యి తగిలించి ఆ పొగతోనే ఏళ్ల తరబడి నడిపారు. యుద్ధం ముగిసేసరికి ఇంజనులో దమ్ము పోయింది. రోడ్డు కొంచెం ఎత్తెక్కితే చాలు, జనం దిగి తొయ్యాల్సి వచ్చేది. దీనికన్నా నడిచిపోతేనే ముందు చేరతామని మా మొహం మీదే అనేవాళ్లు.

అంతలో అదే దారిలో ఇంకొకాయన కొత్త బస్సు వేశాడు. ఇక మా నాయనకు తిండి సయించలేదు. బండి ఆత్మకూరు దగ్గరున్న చేను అమ్మేసి, మిలిటరీ వాళ్లు వేలం వేసిన పెద్ద లారీ ఇంజను ఒకటి కొని, మద్రాసు నుంచి రైల్లో తెప్పించాడు. చేను అమ్మినందుకు మా అమ్మ మూడు రోజులు నాయనతో మాట్లాడలేదు. షెడ్డులో ఆ ఇంజను మొదటిసారి మోగిన రోజు రేకులు అదిరాయి. మా నాయన చెవులు మూసుకోకుండా దాని పక్కనే నిలబడి నవ్వాడు. ఆయన అట్లా నవ్వడం నేను చూసి చాలా కాలమైంది.

వచ్చింది ఇంజనొక్కటే. దాన్ని చల్లబరచాల్సిన రేడియేటరు రాలేదు. వేలంలో ఏ ముక్కకాముక్క విడివిడిగా అమ్మారట. మా పాత బస్సు రేడియేటరునే దానికి బిగిద్దామని నాయన అంటే మేస్త్రీ తాత ఒప్పుకోలేదు. ఈ మేస్త్రీ తాత ముసలి సాయిబు. ఆ బస్సు కొన్ననాటి నుంచి దాని మంచిచెడ్డా ఆయనే చూసేవాడు. "ఇంజను పెద్దదయితే దప్పికా పెద్దదేనప్పా. దూడకు పెట్టే కుడితి ఎద్దుకు చాల్తాదా?" అన్నాడు. పెద్ద రేడియేటరు కొత్తది కావాలంటే మద్రాసు నుంచే రావాలి, దాని వెల వింటేనే గుండె గుభేలుమనేది, పైగా ఎప్పుడొస్తుందో తెలియదు. అహోబిలం తిరునాళ్ల ఇంకో ఇరవై రోజులుంది. తిరునాళ్లకు పోయే జనమంతా ఆళ్లగడ్డ మీదుగానే పోవాలి. ఆ వారం రోజులు బస్సు తిరగకపోతే ఆ ఏడాదంతా మేము ఎండిపోయినట్లే.

నాయన కర్నూలు పోయి, పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర రేడియేటరు పట్టుకొచ్చాడు. కొత్తగా నల్లరంగు పూసి నిగనిగలాడుతోంది. వెల కొత్తదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. నీళ్లు పోసి చూసుకోండి, పనికి రాకపోతే వారంలో వెనక్కి తెచ్చివ్వండి అన్నాడట ఆ అమ్మినాయన. ఆ మాట అనకపోయి ఉంటే నా పాపం కొంచెమన్నా తగ్గేదేమో.

రేడియేటరు మంచిచెడ్డలు చూసే ఉపాయం మేస్త్రీ తాత నాకు అంతకుముందే నేర్పాడు. నాయనకు సంగటి తీసుకుని రోజూ షెడ్డుకు పోయేదాన్ని. నాకప్పటికి పదేళ్లు నిండలేదు. ఒకరోజు తాత మా పాత రేడియేటరును నిలబెట్టి, కింది గొట్టానికి గుడ్డ కుక్కి, పైనుంచి వేడినీళ్లు పోసి, నా అరచేతిని దాని మొహం మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాడు. లోపల సన్నసన్న గొట్టాలు ఉంటాయి. నీళ్లు దిగిన గొట్టం కాలుతుంది. పూడిపోయిన చోటికి నీళ్లు పోవు గనుక అక్కడ చల్లగానే ఉంటుంది. చల్లగా ఉన్న చోటు చచ్చిన చోటు అని చెప్పాడు. తన చేతులు చూపించాడు. నలభై ఏళ్లు ఇనుముతో బతికిన చేతులు, కాయలు కాసి చెప్పు అడుగుల్లాగా ఉన్నాయి. వాటికి వేడీ తెలియదు, చల్లనా తెలియదు. అందుకే నా చెయ్యి కావలసి వచ్చింది. నేనెంత మురిసిపోయానని! బడిలో నాకు లెక్కలు రావని పంతులు రోజూ తిట్టేవాడు. ఇక్కడేమో ముసలి మేస్త్రీకి తెలియనిది నా చేతికి తెలుస్తోంది.

కర్నూలు రేడియేటరు వచ్చిన మర్నాడు పొద్దున షెడ్డులోనే కాగుతో నీళ్లు కాచారు. నాయన అప్పటికి రెండు పూటలుగా తినలేదు, గడ్డం మాసి ఉంది. నీళ్లు పోశారు. తాత నన్ను పిలిచాడు. నేను చెయ్యి పెట్టి మెల్లగా నడిపాను. పైభాగమంతా చురుక్కుమంది. కుడివైపు దిగేసరికి చల్లన. జానెడు మేర చల్లన. ఎడమవైపు అడుగున కూడా అంతే. నేను తలెత్తాను. నాయన నా మొహంలోకే చూస్తున్నాడు. పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లవాడు పంతుల్ని చూసినట్లు చూస్తున్నాడు. అంత పెద్ద మనిషి నన్నట్లా చూడటం నేను తట్టుకోలేకపోయాను.

"యాడన్నా సల్లగుందా పాపా?" అని తాత అడిగాడు.

"లేదు తాతా. అంతా కాల్తాంది" అన్నాను.

నీళ్లు కింది గొట్టం నుంచి వదిలారు. అవి పసుపుపచ్చగా వచ్చాయి. తాత దోసిట్లో పట్టి వాసన చూసి మొహం చిట్లించాడు. కారే రేడియేటర్లో పసుపు కలిపి పోస్తే ఆ పసుపు పోయి చిల్లుల్లో ఇరుక్కుని కారడం ఆగుతుంది. ఇప్పటికీ కొందరు చేస్తారు ఆ పని. చిల్లులతో పాటు గొట్టాలూ పూడిపోతాయన్న సంగతి కొన్నవాడికి తర్వాత తెలుస్తుంది. నాయన మాత్రం, "పసుపు శుభమే గదా మేస్త్రీ" అని నవ్వబోయాడు. తాత నవ్వలేదు. నా దగ్గరకు వచ్చి గొంతుక్కూర్చుని మళ్లీ అడిగాడు, మూలలన్నీ చూసినావా అని. చూసినానన్నాను. "సరేప్పా, పాప సెయ్యి సూసినాక ఇంగేముండాది. బిగిద్దాం" అని లేచాడు. తన అనుమానం కన్నా నా చేతినే నమ్మాడు ఆ ముసలాయన.

తిరునాళ్ల మొదటి రోజు బస్సు లోపలా పైనా జనమే. నాయన, అమ్మ, నేను ముందు సీట్లో కూర్చున్నాం. కొత్త ఇంజను జోరుకు చిన్నాయన పాటలు పాడుతూ నడిపాడు. ఆయనకు అప్పటికి పెళ్లి కుదిరింది, పిల్లది సంజామల ఊరు. శిరివెళ్ల దాటక ముందే ఒకసారి ఆవిరి లేచింది. ఆపి, చల్లారనిచ్చి, నీళ్లు పోసి కదిలాం. దాటినాక మళ్లీ లేచింది. నేను నా అరచేతిని పావడా మడతల్లో దాచుకున్నాను. మూడోసారి మండుటెండలో ఆగిపోయాం. చుట్టూ చేలు తప్ప నీడ లేదు, పైనున్న వాళ్లు బూతులు తిడుతున్నారు. అంతలో పోటీ బస్సు హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. అందులో నుంచి ఎవరో చెయ్యూపారు. మా నాయన మొహం కందగడ్డ అయింది. చిన్నాయన ఇంకొంచెం ఆగుదామన్నాడు. "ఇంగెంత సేపురా? బిరీన కానీ!" అని నాయన అరిచాడు.

చిన్నాయన రేడియేటరు మూతకు గోనెపట్ట చుట్టి తిప్పాడు.

ఆ తర్వాతది నేను వివరంగా చెప్పను. ఉడుకునీళ్లు ఆయన మొహం మీదికి చిమ్మాయి. ఆ అరుపు నేను ఈ వయసులోనూ మరిచిపోలేదు, అంతే. బస్సు కదలదు. అటువైపు వస్తున్న ఒక ఎద్దులబండిని ఆపి, ఆయన్ని ఎక్కించి నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాం. సగం పగలు పట్టింది. దారంతా మా అమ్మ తడి కొంగు ఆయన మొహానికి అడ్డం పట్టుకుని కూర్చుంది. చిన్నాయనకు ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదానికి వెలుగూ చీకటీ తెలిసేది, మనిషి తెలిసేవాడు కాదు. సంజామల వాళ్లు ఒకసారి వచ్చి చూసి, మంచం పక్కన పండ్లు పెట్టి పోయారు. మళ్లీ రాలేదు. వాళ్లను ఏమని తప్పు పడతాం?

మేస్త్రీ తాత రేడియేటరును విప్పి, రంపంతో కోశాడు. సగం గొట్టాల్లో పసుపు గట్టిపడి మైనంలాగా ఉంది. నాయన ఊగిపోయాడు. "నా తమ్ముని కండ్లు పోయినాయి! నువ్వేం సూసినావ్? ఏం మేస్త్రీవి నువ్వు?" అని నలుగురిలో మీదికి పోయాడు. తాత నా వైపు చూశాడు. ఒక్కసారే. నేను అమ్మ వెనక్కి జరిగాను. ఆయన చూపు తిప్పుకుని, "తప్పు నాదేనప్పా. నా సెయ్యే మోసపాయె" అన్నాడు. నా పేరెత్తలేదు. తన సామాన్లు సంచిలో వేసుకుని షెడ్డు దిగిపోయాడు. అప్పుడన్నా నోరు విప్పానా? లేదు. మొదటి అబద్ధం నాయన మీది ప్రేమతో చెప్పానని సరిపెట్టుకోవచ్చు. ఈ రెండోది ఉత్త పిరికితనం.

రెండు నెలలు పోయాయి. చిన్నాయన వసారాలో మంచం మీద కూర్చుని ఉండేవాడు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, "మేస్త్రీ తాత రాలేదే పాపా? ఆయప్ప ఏం జేసె పాపం. ఒకసారి రమ్మని సెప్పు" అన్నాడు. ఇక నాకు ఏడుపు ఆగలేదు. ఇంటి వెనకాల కట్టెలు కొడుతున్న నాయన దగ్గరకు పోయి, రెండు చోట్ల చల్లగా ఉందని, నేనే అబద్ధం చెప్పానని, తాతకేం తెలియదని గబగబా చెప్పేశాను. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే నాయన గొడ్డలి పక్కన పెట్టి కట్టెల మీద కూర్చుని ఉన్నాడు.

"నాకు తెలుసు పాపా" అన్నాడు. "ఆ పొద్దు నీ మొగం సూస్తానే తెల్సిపాయె."

"మరి నన్ను మళ్లా అడగలేదేం నాయనా?"

ఆయన నేల చూస్తూ, "అడిగితే సెప్తావని" అన్నాడు.

మర్నాడు నాయన మేస్త్రీ తాత ఇంటికి పోయాడు. ఇల్లు తాళం వేసి ఉంది. కూతురు దగ్గరికి నందికొట్కూరు పోయాడని పక్కింటివాళ్లు చెప్పారు. నందికొట్కూరు ఏమన్నా కాశీనా, రామేశ్వరమా? పోవాలనుకుంటే పోయేవాడే. పోలేదు. పెద్దయ్యాక నేనూ పోలేదు. తాత ఎప్పుడు కన్నుమూశాడో కూడా మాకు తెలియదు. నాయన ఆ ఇంజను వచ్చిన వెలకు అమ్మేసి, బతికినన్నాళ్లు తమ్ముడికి తన చేత్తోనే అన్నం కలిపి పెట్టాడు. ఆ పాపానికి అది ఏ మూలకు చాలుతుందో నాకు తెలియదు.

అబద్ధం ఆడరాదని ఆ పొద్దు నేర్చుకున్నానని చెబితే బాగుంటుంది గానీ, అది ఎవరైనా చెప్పే మాటే, ఆ తర్వాత నేనూ చాలా ఆడాను. నాకు మిగిలింది వేరే. నాకు ఇష్టమైన జవాబు ఎవరైనా తేలిగ్గా చెప్పేస్తే నేను నమ్మను. "ఏం లేదత్తా, బాగానే ఉన్నా" అని కోడలు అంటే, పుస్తకాల డబ్బులు కట్టేశానని మనవడు అంటే, చేతిలో పని పక్కన పెట్టి వాళ్ల ఎదురుగా కూర్చుంటాను. మొహం చూస్తాను. మళ్లీ అడుగుతాను. ముసల్దానికి చాదస్తమని విసుక్కుంటారు. విసుక్కోనీ. నిజం చెబుతారేమోనన్న భయం నాకూ ఉంటుంది, అయినా అడుగుతాను.