చాచా డెబ్బైలు, నా తొంభైలు

పోయిన శుక్రవారం పొద్దున శామీర్‌పేటలో చాచా చనిపోయారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను జీడిమెట్లలో, పనిచేసే మందుల కంపెనీలో ఉన్నాను. "సార్, మా అబ్బా ఇగ లేరు. సాయంత్రం అసర్ నమాజ్ అయినంక తీస్కపోతరు. మీకు సెప్పాలె అనిపించింది" అంది. నేను ఏడు నెలలుగా ఆయన ముఖం చూడలేదు. అలాంటివాడికి కబురు చెప్పాలని ఆమెకు ఎందుకు అనిపించిందో నాకు ఆ క్షణాన అర్థం కాలేదు.

చాచా నాకు చుట్టం కాదు. మేడ్చల్ చెక్‌పోస్టు దగ్గర ఒక చాయ్ హోటల్లో ఆదివారాలు కలిసే పెద్దమనిషి. అందరూ చాచా అనేవారు, నేనూ అన్నాను. వయసులో ఉండగా మిలిటరీలో పనిచేశారు, అక్కడ హెవీవెయిట్ బాక్సింగ్ ఆడారు. తిరిగొచ్చాక శామీర్‌పేటలో తనకున్న రెండెకరాల్లో కూరగాయలు పండించారు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. హోటల్ గుమ్మంలో తలవంచి లోపలికి వచ్చేవారు. కుర్చీని ముందు చేత్తో నొక్కి చూసి, మోస్తుందనుకుంటేనే కూర్చునేవారు.

మా పరిచయం పదకొండేళ్ళ కిందటిది. మాది తెనాలి. ఉద్యోగం ఇటు మారి, మేడ్చల్‌లో కొత్తగా కట్టిన కాలనీలో దిగిన రోజులు. ఊళ్ళో ఒక్కరూ తెలియదు. ఆదివారం చాయ్ తాగుతూ ఫోన్లో పాత బాక్సింగ్ పోటీ చూస్తున్నాను. వెనకనుంచి ఒక గొంతు వినబడింది. "ఎడమ చెయ్యి కిందికి దించిండు. ఇగ పడతడు." రెండు క్షణాల్లో వాడు పడ్డాడు. వెనక్కి తిరిగితే చాచా. సాసర్లో చాయ్ పోసుకుని రెండు చేతులతో పట్టుకుని ఊదుతున్నారు.

ఆ రోజు మొదలైన వాదన పదేళ్ళు నడిచింది. హెవీవెయిట్ బాక్సింగ్‌కు ఏది గొప్ప కాలం? చాచాకు డెబ్బైలు, నాకు తొంభైలు. మాతో కూర్చునే రిటైరైన ఆర్టీసీ కండక్టర్‌కు ఇప్పటి కాలం. "గీనాటోళ్లు ఆరున్నర అడుగులు దాటిన్రు. మీ పాతోళ్ల గుద్దు ఈళ్ల గడ్డం దాకా పోదు" అని ఆయన ఒక మాట విసిరి సమోసా మీద పడేవాడు. అసలు యుద్ధం మా ఇద్దరిదే.

తెనాలిలో పక్కింటివాళ్ళ కేబుల్ టీవీలో చూసిన పోటీలు నా బలం. ఆనాటి వాళ్ళు ఎంత బరువు, ఎంత వేగం, ఎంతమందిని నాకౌట్ చేశారు, అన్నీ నాకు నోటికి వచ్చు. డెబ్బైల వాళ్ళు పేపర్లవాళ్ళ కథలవల్ల పెద్దవాళ్ళయ్యారని అనేవాణ్ణి. చాచా నవ్వేవారు. మిలిటరీ క్యాంపులో దుప్పటి కట్టి దాని మీద రీలు వేసి చూపిస్తే ఆయన ఆ పోటీలు చూశారట. "మీ కాలంల పన్నెండు రౌండ్లే. మాకు పదిహేను. మనిషి ఎవడో గా ఆఖరి మూడిట్లనే తెలుస్తది" అనేవారు.

ఆయన ఎక్కువగా చెప్పింది ఒకే పోటీ గురించి. ఇద్దరు మేటి బాక్సర్లు పద్నాలుగు రౌండ్లు కొట్టుకున్నారు. ఒకడికి కళ్ళు వాచి మూసుకుపోయాయి. అయినా చివరి రౌండుకు లేస్తానన్నాడు. అతని కోచ్ లేవనివ్వలేదు, పోటీ ఆపేశాడు. "గందుకే నాకు గా కాలం గొప్పది, తెనాలి సార్. కొట్టెటోళ్లు అన్ని కాలాలల్ల ఉంటరు. బస్, సాలు అని కూసోబెట్టెటోడు ఉండాలె" అనేవారు. నేను దాన్ని వాదన కింద లెక్కపెట్టలేదు. ముసలాయన మెత్తదనం అనుకున్నాను.

ఇంకో అలవాటు ఉండేది ఆయనకు. ఎంత పెద్ద గుద్దు గురించి చెప్పినా పిడికిలి బిగించేవారు కాదు, తెరిచిన అరచేత్తోనే చూపించేవారు. ఎందుకని అడిగితే, "ఊకె పిడికిలి సూపెట్టొద్దు. అది పనిముట్టు" అన్నారు. తన ఆట గురించి చాలా తక్కువ చెప్పేవారు. ఆ బరువులో జోడీ దొరక్క, ప్రాక్టీసులో ఒకడు అలిసిపోతే ఇంకొకణ్ణి, వాడు అలిసిపోతే మరొకణ్ణి ఆయన మీదకు పంపేవారట. దెబ్బ తగలకుండా తలకు పెట్టుకునే టోపీ కూడా లేదు. "మస్తు తిన్న" అని మాత్రం అన్నారు ఒకసారి. నేను ఆ మాటకు మురిసిపోయి, ఎన్ని గెలిచారని అడిగాను. ఎన్ని దెబ్బలు తిన్నారని అడగలేదు.

రెండేళ్ళ కిందట చాచా తప్పులు చెప్పడం మొదలుపెట్టారు. పద్నాలుగో రౌండు ఒక వారం పదకొండయ్యేది. గెలిచినవాణ్ణి ఓడినవాడనేవారు. చెప్పిందే చెప్పేవారు. నేను మొదట్లో మెల్లగా సరిదిద్దాను. తర్వాత గట్టిగా. ఆ తర్వాత ఆయన ఎక్కడ తప్పుతారా అని ఎదురుచూశాను. నా బుద్ధి ఇంత నీచంగా ఎప్పుడు మారిందో చెప్పలేను. పదేళ్ళు వాదనలో ఆయన్ని కదిలించలేకపోయిన ఉక్రోషం నాలో ఉన్నట్టుంది.

ఏడు నెలల కిందట ఒక ఆదివారం నలుగురైదుగురం కూర్చున్నాం. చాచా ఆ పోటీ కథ ఎత్తుకుని, పదో రౌండులో కోచ్ ఆపాడన్నారు. నేను ఫోన్ తీసి ఆ వీడియో పెట్టి ఆయన ముందు బల్ల మీద ఉంచాను.

"చూడండి చాచా. ఇది ఎన్నో రౌండో మీరే చెప్పండి."

ఆయన చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా, "గీళ్లిద్దరు ఎవరు?" అన్నారు.

అందరూ నవ్వారు. నేను అందరికంటే పెద్దగా నవ్వాను. అక్కడితో ఆగినా బాగుండేది. "మీరు నిజంగా బాక్సింగ్ ఆడారా చాచా, లేకపోతే అదీ పేపర్లో చదివిందేనా?" అన్నాను.

కండక్టర్ నవ్వు ఆపేశాడు. చాచా నా వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. ఏదో వెతుకుతున్నట్టు ఉంది. సాసర్లో చాయ్ అలాగే వదిలేసి లేచి బయటికి నడిచారు. శామీర్‌పేట వెళ్ళాల్సిన మనిషి రోడ్డు దాటి అటువైపు ఆగిన షేర్ ఆటో ఎక్కారు. అది పూర్తిగా వేరే దిక్కున, గాజులరామారం వెళ్ళేది. నేను చూశాను. చూసి ఏమన్నానో కూడా మీకు చెప్పాలి. "ఓడిపోయిన కోపంలో ఇంటిదారి కూడా మర్చిపోయాడు" అన్నాను. మళ్ళీ నవ్వాం.

ఆ తర్వాత ఆయన రాలేదు. రెండు వారాలయ్యాక కండక్టర్ అన్నాడు, "పోయి ఒకసారి కలిసొద్దం, తప్పయింది మనది" అని. నేను వెళ్ళలేదు. ఆయనే వస్తారులే అన్నాను. నిజం చెప్పాలంటే, గెలిచాననే అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళాను. నమాజు జరుగుతుంటే వెనకాల చెప్పులు విడిచి నిలబడ్డాను. ఖబరస్తాన్‌లో అందరితోపాటు మూడు గుప్పిళ్ళ మట్టి వేశాను. తిరిగి ఇంటికి వచ్చాక ముంగిట్లో వాళ్ళమ్మాయి నీళ్ళిచ్చింది. ఆమె ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. చాచాను చివరిదాకా చూసుకుంది ఆమే.

"రెండేండ్ల నుంచే సార్. డాక్టర్ తల ఫొటో తీపిచ్చిండు. వయసుల తిన్న దెబ్బలు గిప్పుడు బయటపడుతున్నయ్ అన్నడు. పేర్లు మర్సిపోవుడు, దారి మర్సిపోవుడు" అంది.

నేను నీళ్ళ గ్లాసు కింద పెట్టాను.

"మీ ఆదివారం కోసం శనివారమే తయారైతుండె. నాతోని కాయితం మీద రాపిచ్చుకునెటోడు. ఏ రౌండు, ఎవరు గెలిచిన్రు, అన్నీ. నేను అడుగుతుంటె అప్పజెప్పెటోడు. 'తెనాలి సార్ గట్టోడు బేటీ, తప్పు జెప్తే పట్టుకుంటడు' అనెటోడు." ఆమె కొంచెం నవ్వింది. "డాక్టర్ కూడ మంచిదే అన్నడు. గా ముచ్చట నడిచినన్ని దినాలు దిమాగ్ పనిజేస్తది, ఆపకున్రి అన్నడు."

ఆపింది నేను. ఆమెకు ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. బాక్సింగ్ అంటే ప్రాణమని పాతికేళ్ళుగా చెప్పుకు తిరిగాను. ఆ ఆట ఒక మనిషిని ఏం చేసిందో ఎదురుగా కూర్చుని చూస్తూ, అది నా గెలుపనుకున్నాను.

చెప్పేశాను ఆమెకు. ఫోన్ పెట్టింది, నవ్వింది, ఆటో సంగతి, అన్నీ. ఆమె తల వంచుకుని విన్నది. "ఆ దినం గాజులరామారంల దొరికిండు. పొద్దుమూకినంక పట్టుకొచ్చినం" అని మాత్రం అంది. క్షమించానని అనలేదు. అనమని నేనూ అడగలేదు.

లోపలి గది గుమ్మానికి పరదా ఉంది. దాని వెనక నుంచి చాచా భార్య, చాచీ గొంతు వినబడింది. పెద్దావిడ మా మాటలు ఎంతవరకు విన్నదో.

"తెనాలి సారేనా వచ్చింది? ఏ కాలం గొప్పదని ఇన్నేండ్లు కొట్లాడిన్రు గద. ఆఖరికి ఎవరు గెలిచిన్రు?"

నేను పరదా వైపు తిరిగాను. "చాచానే గెలిచారండి" అన్నాను.

"ఆయన గూడ గట్లనే జెప్పిండు" అందావిడ. "గాజులరామారం నుంచి పట్టుకొచ్చిన దినం. 'ఇయ్యాల తెనాలి సార్‌ను ఓడగొట్టి వచ్చిన' అని సంబరపడ్డడు. రెండు రొట్టెలు ఎక్కువ తిన్నడు."

నిజంగా మర్చిపోయి అన్నారో, ఆవిడ బాధపడకూడదని అన్నారో, లేక నా మర్యాద కాపాడడానికే అన్నారో నాకు ఎప్పటికీ తెలియదు. మూడిట్లో ఏదైనా నేను తలెత్తుకోగలిగేది కాదు.

వెళ్ళొస్తానని లేచాను. అమ్మాయి తీగ మీద ఆరేసిన బట్టలు తీస్తోంది. చాచా తెల్ల కుర్తా ఒకటి ఉంది అక్కడ. ఆయన పోకముందు ఆ పొద్దునే ఉతికి ఆరేసిందట. ఎండకు పెళపెళలాడుతోంది. ఆమె దాన్ని రెండు భుజాల దగ్గర పట్టుకుని గుండెల దాకా ఎత్తింది. అయినా అంచు నేలకు తగులుతోంది. ఒక్కతే మడతపెట్టలేక అటూ ఇటూ చూసింది. నేను వెళ్ళి కింది అంచు పట్టుకున్నాను.