తారస్థాయి కోసం పిన్ని

పిన్ని పోయిందని పోయిన వారం బాబాయి మా ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాడు. మామూలు జ్వరమే అనుకున్నారట. కామెర్లని తేలేసరికి ఆలస్యమైపోయింది. "రికార్డ్ ప్లేయర్ నువ్వు తీసుకెళ్తావా అమ్మాయ్? నాకు దాన్ని ముట్టుకోబుద్ధి కావట్లేదు" అన్నాడు.

మా అమ్మ చెల్లెలు ఆవిడ. చిలకలూరిపేటలో ఆడపిల్లల బడిలో సంగీతం టీచరు. డిగ్రీ చదివినన్నాళ్ళూ నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. జిన్నింగు మిల్లు వెనక సందులో ఇల్లు. పత్తి వచ్చే రోజుల్లో పగలంతా మిల్లు రొద. రోడ్డు మీద లోడు లారీ వెళ్ళిందంటే అలమరలో గ్లాసులు గలగలమనేవి. అలాంటి ఇంట్లోకి పిన్ని రికార్డ్ ప్లేయర్ కొనుక్కొచ్చింది. దొరికిన వాటిలోకల్లా చవకరకం, మూతలోనే స్పీకరు.

"రేడియో సరిపోదుటే?" అన్నాడు బాబాయి.

"రేడియోలో వాళ్ళు పెట్టింది వినాలి. నాక్కావలసింది మళ్ళీ మళ్ళీ పెట్టమంటే పెడతారా?"

మొదటిరోజు వయొలిన్ కచేరీ పెట్టింది. వయొలిన్ కుండలోంచి వస్తున్నట్టుంది. లారీ వెళ్ళినప్పుడల్లా ముల్లు ఎగిరి ఇంకో చోట పడుతోంది. బాబాయి ముల్లు పైభాగాన ఒక రూపాయి బిళ్ళ పెట్టాడు. గెంతడం ఆగింది. పిన్ని ఆ బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టేసింది.

"బరువేస్తే గెంతదు, నిజమే. కానీ రికార్డుని దున్నేస్తుంది. వద్దు."

తర్వాత చాలారోజులు ఆ పెట్టెతోనే ఆవిడ కాపురం. ఊగే బల్ల మీద నుంచి తీసి గోడలోకి దిగేసిన నాపరాయి మీదికి మార్చింది. పాత సైకిలు ట్యూబు ముక్కలు కోసి అడుగున పెట్టింది. పళ్ళెంలో నీళ్ళు పోసి పెట్టె మీద ఉంచి, ఎటు వాలుతోందో చూసి సర్దింది. ఎలక్ట్రీషియన్ని పిలిపించి మూతలోని స్పీకరు ఊడదీయించి, విడిగా చెక్కపెట్టెలో బిగించి, గదికి అటువైపు స్టూలు మీద పెట్టించింది. పాట పెట్టేముందు మెత్తటి గుడ్డతో రికార్డుని గీతల వెంబడే గుండ్రంగా తుడిచేది. ముల్లు కొసన చేరిన నలుసుల్ని చిన్న బ్రష్‌తో దులిపేది.

కొన్నాళ్ళకి ఆ బుల్లిపెట్టె నిజంగా పాడింది. విల్లు తీగమీద ఆనినప్పటి మెత్తదనం కూడా తెలిసేది. "చవక పెట్టె కదాని చవగ్గా చూడకూడదే" అనేది పిన్ని.

మరుసటి ఏడు మొదలైంది ఆవిడ అసంతృప్తి. వయొలిన్ తారస్థాయికి వెళ్ళేసరికి మొద్దుబారిపోతోందనేది. స్పీకరు జరిపింది. వైర్లు మార్పించింది. చివరికి ముల్లు అరిగిపోయిందని తేల్చి, నన్ను తీసుకుని గుంటూరు వెళ్ళింది. బ్రాడీపేటలో ఒక షాపాయన కొత్త ముల్లు వేసి పాట పెట్టాడు.

"బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు.

"లేదండీ. పైస్వరాలు రావట్లేదు."

ఆయన నా వైపు చూశాడు. "నాకు వినపడుతున్నాయి పిన్నీ, చక్కగా" అన్నాను.

ఆ సాయంత్రమే బస్సెక్కి ఇంటికొచ్చేశాం. మర్నాడు పొద్దున పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచింది. కుక్కర్ పొయ్యిమీద పెట్టి, దాని పక్కనే నిలబడి ఉంది. విజిల్ వచ్చింది. పిన్ని పైకి చిమ్మిన ఆవిరినే చూస్తోంది.

"కూసిందా?"

"కూసింది."

"నాకు ఆవిరే కనపడుతోంది" అంది పిన్ని. స్టవ్ ఆర్పి కింద కూర్చుంది.

నరాల జబ్బన్నాడు గుంటూరు డాక్టరు. ముందు పై శబ్దాలు పోతాయి, మెల్లిగా మిగతావీ పోతాయి, మందు లేదన్నాడు. బాబాయి ఆయనతో వాదించాడు, మద్రాసులో కూడా లేదా అని. పిన్ని మాత్రం "ఎన్నాళ్ళు వింటానండీ?" అనడిగింది. చెప్పలేనన్నాడాయన.

బడికెళ్ళి హెడ్‌మిస్ట్రెస్‌తో తనే చెప్పేసింది. "పిల్ల శ్రుతి తప్పితే నాకు తెలియాలి కదండీ. తెలియనప్పుడు నేనేం నేర్పుతాను?" కుట్లు అల్లికల క్లాసుకి మార్చారు. ఆ రోజు ఇంటికొచ్చి ప్లేయర్ మీద దుప్పటి కప్పింది. వేసవంతా అలాగే ఉంది. ఇంట్లో ఎవరమూ గట్టిగా నవ్వేవాళ్ళం కాదు. ఒకసారి బాబాయి బతిమాలుతున్నట్టుగా అన్నాడు, "దాన్ని చూసినప్పుడల్లా నీకు బాధే. ఎవరికన్నా ఇచ్చేద్దాం."

ఆయన పెదాల కదలికను బట్టి అర్థం చేసుకుంది. "నాకు వినపడకపోతే పాట లేనట్టేనా?"

దుప్పటి తీసింది. అప్పట్నుంచి నా చెవుల్తో సరిచేయడం మొదలుపెట్టింది. స్పీకరు బెత్తెడు జరిపి, "ఇప్పుడు గీరుతోందా? అడుగున గుయ్‌మంటోందా?" అనడిగేది. బాగుందంటే ఊరుకునేది కాదు. "బాగుందంటే కుదరదే. ఎక్కడ బాగుందో చెప్పు." ఆవిడకి జవాబు చెప్పడం కోసమే నేను వినడం నేర్చుకున్నాను. వయొలిన్ ఊపిరి తీసుకుంటుందనీ, మృదంగం రెండువైపులా రెండు మాటలు మాట్లాడుతుందనీ నాకు తెలిసింది అలాగే. ఇవాళ్టికీ ఏ పాట విన్నా, ఎక్కడ బాగుందో మనసులో ఎవరికో చెబుతూనే ఉంటాను.

పాత శిష్యురాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు వచ్చేవారు. కొన్నాళ్ళకి కింది స్వరాలూ ఆవిడకి అందకుండా పోయాయి. అప్పుడు కుర్చీ ఇటు తిప్పుకుంది, ప్లేయర్ వైపు వీపు పెట్టి, మా ఎదురుగా. "మీ మొహాల్లో తెలుస్తుందిలే" అనేది. అలా అన్నా, ఒక్కోసారి మమ్మల్ని చూస్తూ చూస్తూ చటుక్కున తల దించుకునేది.

నా పరీక్షలయ్యాక, నేను ఊరికి బయల్దేరే ముందు ఒక ఆదివారం కల్యాణి కీర్తన పెట్టింది. మిల్లుకు సెలవు. లారీలు కూడా ఎందుకో తగ్గాయి. వయొలిన్ మెట్టుమెట్టుగా ఎక్కి, తారస్థాయిలో సన్నగా నిలిచి, దిగి, ఆగిపోయింది. రికార్డు అయిపోయింది. ముల్లు చివరి గీతలో చిన్నగా చిటపటమంటూ తిరుగుతోంది. ఎవరూ కదల్లేదు. పిన్ని ముందుకు వంగి మా మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది. మొదటిసారి వింటున్నట్టు ఆవిడ పెదాలు కొద్దిగా విచ్చుకున్నాయి. పాట అయిపోయిందని మాలో ఎవరమూ చెప్పలేదు. ఆవిడ వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తూనే ఉన్నాయి.