ఉమ్సునాయ్ ఆపా కడుపుమంట

“ఆ పిల్ల నేలమీద దొర్లితే చూడ్డానికి టికెట్టా? నిరుడు బజారులో మంచుమీద నేను జారిపడ్డాను. ఒక్కడన్నా చప్పట్లు కొట్టాడా?”

గేటు దగ్గర అంటించిన నాట్యం పోస్టరు ముందు నిలబడి మా పెద్దావిడ ఉమ్సునాయ్ ఆపా రుసరుసలాడుతోంది. ఆవిడకున్న రోగం ఒక్కటే, అసూయ. మా బిష్కెక్ అపార్టుమెంట్లలో ఎవరికి ఏ మంచి జరిగినా ఆపాకి కడుపుమంట. మంచే జరగనక్కర్లేదు కూడా. ఎదురింటావిడ మోకాలి నొప్పికి డాక్టరు ఇంటికొచ్చాడని, “నా మోకాలికేం తక్కువ?” అని వారమంతా మూలిగింది.

ఈసారి మంట కింది అంతస్తు బెగిమాయ్‌మీద. ఆ పిల్లది కొత్తరకం నాట్యం. పాటుండదు, కథుండదు, చూసేవాళ్ళూ ఉండరు. ఈ శనివారం కూడా హాలు ఖాళీగా ఉంటే నాట్యం కట్టిపెట్టి పిన్ని కుట్టుమిషన్ల దగ్గర చేరిపోతానంది.

జాలిపడి నేనూ వెళ్ళాను. ఇంకెక్కడి జాలి, హాల్లో కాలు పెట్టే చోటు లేదు! మా ముసలమ్మలందరూ తెల్ల తలగుడ్డలతో బారులు తీరారు. ముందు వరుసలో మూతి ముడుచుకుని ఆపా.

దీపాలు ఆర్పారు. బెగిమాయ్ రెండు కాళ్ళనీ నలుపు తెలుపు దారంతో కట్టుకుని వచ్చింది. అడుగేసింది, పడింది. లేచింది, మళ్ళీ పడింది. నాకేమీ అర్థం కాలేదు గానీ, ఆ పిల్ల ఊపిరి చప్పుడు వింటూ నేనూ ఊపిరి బిగబట్టాను.

“అయ్యో, చిన్నప్పుడు ఈ పిల్లకి కాళ్ళదారం కొయ్యలేదా?” అంది ఎదురింటావిడ.

నడక నేర్చే బిడ్డకి మా కిర్గిజ్ ఇళ్ళల్లో కట్టే దారమది. బిడ్డ దాకా పెట్టే పరుగు పందెంలో గెలిచినవాళ్ళు దాన్ని కోస్తే, బిడ్డ ఇక జన్మలో తడబడదు.

“ఉండండి, నేను కోస్తా,” అంటూ ఎదురింటావిడ లేచింది.

“నువ్వెందుకూ? నా మోకాలికేం తక్కువ?” ఆపా కూడా లేచింది.

అంతే, కర్రలు టకటకలాడించుకుంటూ ముసలమ్మలంతా స్టేజీమీదికి పరుగు! ఆపా అందర్నీ మోచేతులతో నెట్టేసి, సంచీలోంచి ఆపిల్ పళ్ళు కోసే చాకు తీసి పుటుక్కున దారం తెంపేసింది.

బెగిమాయ్ నోరు తెరిచింది. చివరిదాకా పడుతూనే ఉండాలట ఆ నాట్యంలో! కాసేపు కాళ్ళకేసి చూసుకుంది. తరవాత లేచి, ఆ ముసలమ్మల మధ్యనుంచి గిర్రున తిరుగుతూ స్టేజీ అంతా చుట్టేసింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

“ఆ చప్పట్లు నాకే,” అంది ఆపా, దారం ముక్క గుప్పిట్లో బిగించి.

బయటికొస్తూ ఎదురింటావిడని అడిగాను. “మీకు నాట్యమంటే అంత ఇష్టమా?”

“ఇష్టమా పాడా! నన్ను తప్ప అందర్నీ పిలిచారని ఉమ్సునాయ్ చెప్పింది. ఎలా ఊరుకుంటాను?”

పక్కావిడ ఠక్కున ఆగింది. “అదేంటి, నాకూ అదే చెప్పిందే!”

నేను వెనక్కి తిరిగేసరికి ఆపా వేలితో నన్ను పిలుస్తోంది.

“ఏరా, ఇలా రా. పక్క బిల్డింగులో ముసలమ్మ తెంతి ఉందిగా, ఆవిడ దగ్గరికి వెళ్ళు. వచ్చే శనివారం ఆటకి ఆవిడకి చోటు లేదని చెప్పు. గట్టిగా చెప్పు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళందరికీ వినబడాలి.”