బ్రేకు మాష్టారి కారు లోను

ఊళ్లో సగం మందికి కారు నడపడం నేర్పింది బ్రేకు మాష్టారే. డ్రైవింగ్ స్కూల్లో ఇరవై ఏళ్లుగా ఆయన పని ఒక్కటే, పక్క సీట్లో కూర్చుని "బ్రేకు! బ్రేకు!" అని గొంతు చించుకోవడం. ఆ అరుపుల్లో అసలు పేరు ఎప్పుడో కొట్టుకుపోయింది. సొంత కారు మాత్రం లేదు. ఎవరైనా అడిగితే, "పగలంతా కారులోనే ఉంటాను, ఇంటికొచ్చాక కూడానా?" అని దర్జాగా కొట్టిపారేసేవాడు.

ఆ దర్జా కాస్తా మేనకోడలి పెళ్లిలో దిగిపోయింది. స్కూలు యజమానిని బతిమాలి, స్కూలు కారులోనే భార్యను తీసుకుని వెళ్లాడు. కారు నెత్తిన "నేర్చుకుంటున్నాం, దూరంగా ఉండండి" అని పెద్ద బోర్డు. ఊడదీద్దామంటే వెల్డింగ్ చేసి చచ్చారు. వీడియో తీసే కుర్రాడు పరుగున వచ్చి, "సార్, ఈ బండి వెనక్కి పెట్టండి, ఫ్రేములో పడుతోంది" అన్నాడు. వెనకంటే గిన్నెలు తోమే చోటు. కొత్త బట్టలు బురద కాకుండా ఎత్తిపట్టుకుని, భార్య అక్కణ్ణుంచి నడిచి వచ్చింది. తిరుగుదారిలో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే మాష్టారు హాయిగా నిద్రపోయేవాడు. తిట్టలేదు కాబట్టి కారు కొనాలని తీర్మానించుకున్నాడు.

సెలవు రోజున పాత కార్లు అమ్మే చోటికి వెళ్లాడు. తొమ్మిదేళ్ల కిందటి పొడుగాటి వెండిరంగు కారు ఒకటి చూడగానే మనసు పారేసుకున్నాడు. అమ్మేవాడు సెంటు గుప్పుమంటూ దగ్గరికొచ్చి, "నాలుగు లక్షలు సార్. ముందు పైసా కట్టక్కర్లేదు. నెలకి ఏడున్నర వేలు, అంతే!" అని కాగితం మీద రాసిచ్చాడు.

ఇంటికి ఎగురుకుంటూ వచ్చాడు. భార్య ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. పళ్ల మధ్య గుండుసూదులు తీయకుండానే అడిగింది.

"ఎన్నేళ్లు కట్టాలి?"

"ఏడు."

"మొత్తం ఎంతవుతుంది?"

అమ్మేవాణ్ణి మాష్టారు సీట్లు తోలువా కావా అని అడిగాడు గానీ, ఈ మాట అడగలేదు.

మర్నాడు ఆవిడే ఆయన్ని బ్యాంకుకు లాక్కెళ్లింది. లోన్ల బల్ల దగ్గర కూర్చున్న ఆఫీసరమ్మ లేచి నిలబడింది. "మాష్టారూ, నన్ను గుర్తుపట్టారా?"

పట్టాడు. పట్టకపోతే బాగుండుననిపించింది. రెండుసార్లు టెస్టు తప్పి, మూడోసారి టెస్టుకి పోతూ గోడను గుద్దిన పిల్ల. "నీకు స్టీరింగ్ అచ్చిరాదమ్మా, ఎక్కడన్నా కుర్చీ చూసుకో" అన్నది తనే. చూసుకుంది. గిర్రున తిరిగే కుర్చీ.

ఆమె కాగితం చూసి లెక్క కట్టింది. "నాలుగు లక్షల బండికి ఆరు లక్షల ముప్ఫై వేలు కడతారు. అప్పటికి బండికి పదహారేళ్లు. అది తుక్కు కింద పోయినా వాయిదాలు మాత్రం వస్తూనే ఉంటాయి."

"నెలకి ఏడున్నరేగా అమ్మా?"

"బానెట్టు చూడకు, ముందున్న రోడ్డు చూడు అని మీరే కదండీ నా బుర్ర తినేసేవారు?"

మాష్టారు రోషంగా లేచాడు. భార్య లేవలేదు. ఒంటరిగా అలగడం ఎలాగో తెలియక, గుమ్మం దగ్గర దాహం లేకపోయినా రెండు గ్లాసుల నీళ్లు తాగి వెనక్కొచ్చాడు. ఈలోగా ఆడవాళ్లిద్దరూ తలలు దగ్గరపెట్టి సగం పని కానిచ్చేశారు.

"ఖర్చులు పోను నెలకి ఎంత మిగులుతుంది?" అంది ఆఫీసరమ్మ.

"పన్నెండు వేలు" అన్నాడు.

"తొమ్మిది" అంది భార్య.

"అయితే వాయిదా ఐదు దాటకూడదు. పెట్రోలు, ఇన్సూరెన్సు, రిపేర్లు కూడా అందులోంచేగా రావాలి. బండి చిన్నది చూసుకోండి. ముందు కొంత కట్టి, లక్షన్నర అప్పు తీసుకుంటే మూడేళ్లలో తీరిపోతుంది."

ముందు కట్టడానికి ఉన్నది మాష్టారు పళ్లు కట్టించుకుందామని దాచుకున్న సొమ్ము. "ముందు కారు కానివ్వండి" అంది భార్య. "మీరు నవ్వేదే తక్కువ, పళ్లకేం తొందర?" ఆఫీసరమ్మ తల వంచుకుని కంప్యూటరు వైపు చాలా శ్రద్ధగా చూసింది.

చివరికి దొరికింది రెండు లక్షల నలభై వేల చిన్న కారు. ఉడికిన బీట్‌రూట్ రంగు. స్కూలు మెకానిక్ దాని కిందికి దూరి, పైకొచ్చి, "రంగు తప్ప అన్నీ బాగున్నాయి" అన్నాడు.

తాళాలు చేతికిచ్చిన రోజు మాష్టారు ఠీవిగా వెళ్లి, అలవాటు కొద్దీ పక్క సీట్లో కూర్చున్నాడు. తప్పు తెలిసి దిగబోయేలోగా భార్య వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుని అద్దం సరిచేసుకుంది.

"నీకు డ్రైవింగ్ ఎప్పుడొచ్చిందే?"

"ఆ పెళ్లి నుంచి రాగానే చేరా, అవతలి వీధి స్కూల్లో. అక్కడ అరవరు."

దారి పొడుగునా ఆయన నోరు బిగించుకునే కూర్చున్నాడు. కాలు మాత్రం మాట వినలేదు, లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

ఇప్పుడు ఆవిడ కుట్టిన బట్టలు ఊరి అవతలి దుకాణాలకు కూడా కారులోనే చేరవేస్తోంది. వాయిదాలో సగం ఆ రాబడే. మాష్టారు స్కూలుకు నడిచే వెళ్తాడు. కారేదీ అని ఎవరైనా అడిగితే, "పనిమీద బయటికెళ్లింది" అంటాడు, ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు.