పడెటోని దిక్కు సూడు

మా బాపుకు సినిమాల మీద ధ్యాస పుట్టింది కళ్లు పోయాకే. చూపున్నన్నాళ్లూ ఒక్క ఆట చూసి ఎరుగడు. రెండు కళ్లలో పువ్వు పడి, దవాఖానలో ఇక లాభం లేదన్నాక మగ్గం దిగి అరుగు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ల నుంచి భువనగిరి రేకుల టాకీసుకు కత్తియుద్ధం బొమ్మ ఏది వచ్చినా నన్ను పంపేవాడు. నేను చూసి వచ్చి పూసగుచ్చినట్టు చెప్పాలి. "బాపు పేరు చెప్పి బిడ్డ మంచిగనే షికార్లు కొడ్తాంది" అని మా వాడకట్టు ఆడవాళ్లు మూతులు తిప్పేవాళ్లు. నేను మాత్రం ఊరుకునే రకమా, నాలుగు మాటలు అనే వచ్చేదాన్ని. కానీ అసలు సంగతి వాళ్లకు చెప్పలేదు.

అసలు సంగతి మా అన్న.

బాపు పగలంతా మగ్గం నేసి, పొద్దు వాలాక తాలింఖానాలో కర్రసాము, కత్తిసాము నేర్పేవాడు. తాలింఖానా అంటే పెద్ద కట్టడమేమీ కాదు. మట్టి గోడల కొట్టం, లోపల జల్లెడ పట్టిన మెత్తటి ఎర్రమట్టి. బాపుకు ఆ విద్య చెప్పింది ఒక ముసల్మాను ఉస్తాద్. ఆయన పోయాక ఆ జాగా, ఉస్తాద్ అన్న పేరు బాపుకు దక్కాయి. ఆయన పెట్టిన కట్టుబాటు కూడా దక్కింది. ఆటలో పడ్డవాడు తనంతట తాను లేవకూడదు. ఉస్తాద్ వచ్చి చెయ్యి ఇస్తే, ఆ చెయ్యి పట్టుకునే లేవాలి. పడిన సిగ్గు ఆ చేతితోనే పోతుందని వాళ్ల నమ్మకం.

అన్నకు చెయ్యి బాగా తిరిగేది. ఒకటే లోపం. వేటు వేయబోయే క్షణంలో ఎడమ మడమ లేచేది. ఎదుటివాడు కాస్త తెలివైనవాడైతే ఆ మడమను చూసి ముందే కాచుకుంటాడు. బాపు ఆ మడమ మీద కర్రతో కొట్టి చూశాడు, మడమ కింద పల్లేరు కాయలు పెట్టి చూశాడు. అది మాత్రం వినలేదు. ఒక ఏడు పీర్ల పండుగకు, అలాయి నిప్పుల గుంత ముందు నాలుగూళ్ల జనం చూస్తుండగా, అన్న పక్క ఊరివాడితో కత్తి కలిపాడు. మడమ లేచింది. అన్న పడ్డాడు. అందరూ బాపు దిక్కు చూశారు. బాపు చెయ్యి ఇవ్వలేదు, మొహం తిప్పుకున్నాడు. అన్న ఆ మట్టిలో చాలాసేపు అట్లాగే ఉండి, చివరికి తానే లేచి, ఒంటి మీది దుమ్మైనా దులుపుకోకుండా వెళ్లిపోయాడు. మళ్లీ ఇంటికి రాలేదు. ఆ రోజు బాపు మీద వచ్చిన కోపం నాకు ఏండ్ల తరబడి చల్లారలేదు.

ఆ తర్వాత చాలా కాలానికి, నూలు బేరం మీద మద్రాసు పోయి వచ్చిన ఒకాయన మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. "స్టూడియో గేటు కాడ మీవోని అసొంటోన్ని సూసిన. సినిమాలల్ల కత్తులు తిప్పెటోళ్ల గుంపుల ఉన్నడు. పిలుద్దామనేసరికి లోపలికి పోయిండు." పోలికేనేమో, ఆయనకూ గట్టిగా తెలియదు. ఉత్తరం రాద్దామంటే చిరునామా లేదు. మరుసటి సంత రోజు బాపు, "బిడ్డా, జర టాకీసుకు పోయి సూసి రా" అన్నాడు.

అట్లా నాలుగైదు బొమ్మలు చూశాను, దొరకలేదు. ఆ తర్వాత వచ్చింది ఆ కోట బొమ్మ. మంత్రి కోటను కాజేస్తాడు, రాజకుమారుడు తిరిగి వచ్చి మెట్ల మీద సైనికులందరితో ఒంటరిగా పోరాడి పైకి పోతాడు. కథ కొత్తదేమీ కాదు. నేను అందరిలాగే హీరోను చూశాను. చూస్తుంటే ఒకటి పట్టుబడింది. దగ్గరి బొమ్మలో హీరో మొహం, చెమట, పళ్లు కొరకడం కనిపిస్తాయి. కత్తి జోరుగా తిరిగేటప్పుడు బొమ్మ దూరం జరుగుతుంది, అప్పుడు వీపే తప్ప మొహం కనపడదు. ఆ వీపు ఈ మొహానిది కాదు. తెగిన పోగును ముడివేసి నేసినచోట వేలికి తగిలినట్టు, ఆ అతుకు నా కంటికి తగిలింది. ఆ వీపే మా అన్నదేమో అనుకున్నాను. కానీ ఎంత చూసినా ఆ మనిషి మడమ నేలను వదల్లేదు.

వచ్చి చెప్పాను. బాపు అడిగిన ప్రశ్నలు వేరు.

"మెట్ల మీద మొదలు ఎవడు పైన ఉన్నడు?"

"సైనికులు పైన, రాజకుమారుడు కింద."

"మరి ఏ మెట్టు కాడ మారిండ్రు? ఎట్ల మారిండ్రు? నీడ ఎవని మీద వడ్డది?"

నాకు తెలియలేదు. తెలియకపోతే నాకు కోపం వస్తుంది. "గన్ని అడిగేటోనివి నువ్వే పోయి సూడరాదు" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

బాపు నొచ్చుకోలేదు. "పోత. ముందుగాల నువ్వు సూసుడు నేర్సుకో. అందరు కొట్టెటోని దిక్కు సూస్తరు. నువ్వు పడెటోని దిక్కు సూడు బిడ్డా. కొట్టెటోడు ఒట్టిగ చెయ్యి ఊపుతడు. పడెటోడు మంచిగ పడితెనే అది వేటు."

రెండోసారి వెళ్లి హీరోను పక్కన పెట్టాను. అప్పుడు ఆ యుద్ధం నాకు వేరే కథలాగా కనిపించింది. హీరో మెట్లు ఎక్కడం లేదు, సైనికులు అతన్ని ఎక్కిస్తున్నారు. ఒక్కొక్కడు పడి ఒక్కొక్క మెట్టు ఇస్తున్నాడు. బొమ్మ తీసినవాళ్లు కెమెరాను కింది మెట్టు కాడ నేలబారుగా పెట్టారు. అందుకే పడేవాడు మన మీదికే దొర్లి వస్తున్నట్టుంటుంది, అతను పక్కకు జారగానే వెనక హీరో ఇంతెత్తు పెరిగి కనిపిస్తాడు. మొదట్లో హీరో నీడ గోడ మీద చిన్నది. పైకి పోయేకొద్దీ ఆ నీడ గోడంతా పరుచుకుంటుంది. హీరో గొప్పతనమంతా పడినవాళ్లు పేర్చి ఇచ్చిందే. తెలివైన పనే, నేను మెచ్చుకున్నాను. కానీ ఆ మెట్ల మీద ఎవడి కొడుకులు దొర్లుతున్నారో మెచ్చుకునేవాళ్లు అడగరు కదా అని కోపం కూడా వచ్చింది.

ఆరో మెట్టు మీద సన్నటి సైనికుడు ఒకడు, నల్ల తలపాగా. కత్తి ఎత్తాడు. ఎడమ మడమ లేచింది.

అది లేచిన రెప్పపాటుకు హీరో కత్తి కదిలింది. హీరోకు కత్తిసాము రాదు. ఆ మడమ కోసమే కాచుకుని ఉన్నాడు. మడమ లేస్తే తన వంతు అన్నమాట. సైనికుడు వెల్లకిలా మెట్ల మీదుగా దొర్లి, మొహం అవతలికి తిప్పి మట్టిలో పడ్డాడు. ఆ పడిన తీరు పీర్ల పండుగ నాడు నేను చూసిందే. అన్న చనిపోయినట్టే అనిపించింది, అది ఆట అని తెలిసినా. కానీ ఒక పాట అయిపోయాక అడవిలో ఇంకో యుద్ధం వచ్చింది. అక్కడ చెట్టు చాటు నుంచి గడ్డం పెట్టుకుని, తలపాగా మార్చుకుని అతనే దూకాడు. మళ్లీ అదే మడమ. చచ్చినవాణ్ణి మళ్లీ తెచ్చారని ఆ టాకీసులో ఇంకెవరికీ పట్టలేదు. నేను ఏడుస్తూ నవ్వాను. పక్కనున్నావిడ జరిగి కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి బాపు అరుగు మీద నిలబడే ఉన్నాడు.

"మడమ లేపిండా?"

"లేపిండు బాపు. గా మడమ సూసే హీరో కత్తి దించుతాండు. గది లేకుంటె వానికి ఎప్పుడు కొట్టాల్నో తెల్వది. గదే ఇప్పుడు అన్నకు బువ్వ పెడ్తాంది."

బాపు అరుగు అంచు తడుముకుని కూర్చున్నాడు. ఆ మడమ మీద తాను వేసిన దెబ్బలన్నీ ఆయనకు గుర్తొచ్చి ఉంటాయి. అప్పుడు అడిగాడు.

"పడ్డంక ఎవలన్న లేపిండ్రా?"

"లేదు బాపు. గప్పుడే బొమ్మ మారింది."

"రేపు నన్ను తోల్కపో" అన్నాడు.

మరునాడు పగటి ఆటకు తీసుకుపోయాను. మగవాళ్ల దిక్కు ఒంటరిగా కూర్చోబెట్టలేను, ఆడవాళ్ల దిక్కు రానిచ్చేది లేదన్నాడు గేటు మనిషి. "కండ్లు లేనాయన ఎవలను సూస్తడు, జరుగు" అని లోపలికి తోలుకుపోయాను. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వి, జాగా ఇచ్చారు. బాపు కత్తుల చప్పుడు వింటూ తల ఆడించాడు. "ఉత్త రేకులు" అన్నాడు. అన్న కనపడగానే ఆయన మోకాలు నొక్కుతానని ముందే చెప్పి పెట్టాను.

ఆరో మెట్టు కాడ నొక్కాను. "పడ్డడు" అన్నాను.

బాపు ముందుకు వంగి, తెర దిక్కు కుడిచెయ్యి చాపాడు.

బొమ్మ మారింది. పాట మొదలైంది. బాపు చెయ్యి అట్లాగే చాచి ఉంది. వెనక నుంచి ఒకామె, "పెద్దయ్యా, జర చెయ్యి దించు, బొమ్మ కనవడ్తలేదు" అంది. దించలేదు. చెయ్యి వాలబోతుంటే నేను మోచేతి కింద నా చెయ్యి ఆనించాను. ఇన్నేండ్ల కోపం నాలో ఎటు పోయిందో తెలియదు. పాట అయిపోయింది. అడవి వచ్చింది. చెట్టు చాటు నుంచి గడ్డం పెట్టుకున్న సన్నటి సైనికుడు దూకాడు.

"లేచిండు బాపు" అన్నాను.

అప్పుడు దించాడు.