డోల్మా రక్తంలో నేను పోసిన నీళ్లు

మనిషి ఒంట్లో రక్తాన్ని నీళ్లు పోసి పెంచిన ఘనుడు ఈ లోకంలో ఎవరైనా ఉన్నాడంటే అది నేనే. నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు మాత్రం నాకు చెమటలు పట్టాయి.

ఎనభైల మొదట్లో బాన్సువాడలో ఓ చిన్న దవాఖానలో రక్తపరీక్షలు చేసేవాణ్ణి. కోర్సు పూర్తయి మూడు నెలలు. ఇక నేర్చుకోవడానికి ఏం మిగిలిందా అని దిగులుపడే వయసు.

చలికాలం. బస్టాండు దగ్గర స్వెట్టర్లు అమ్మే టిబెట్ ఆమె, డోల్మా, వచ్చింది. మూడేళ్లుగా వస్తోంది కాబట్టి మన తెలుగే మాట్లాడుతుంది. ఇప్పుడు కడుపుతో ఉంది, ఐదో నెల. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరుగారు ఆమెను నా దగ్గరికి పంపుతూ, "రక్తం తక్కువుంటే ఇయ్యాల్నే సూదులు షురు చెయ్యాలె. సక్కగ చూడు రాజయ్యా" అన్నారు.

అప్పటి పద్ధతి చెబుతాను. వేలు పొడిచి తీసిన రక్తాన్ని గాజుగొట్టంలో ఆసిడ్‌తో కలిపి, పక్కనున్న గాజు రంగుకి సరిపోయేదాకా చుక్కచుక్కగా నీళ్లు పోయాలి. రంగు కలిసేసరికి గొట్టంలో మట్టం ఏ గీతదాకా వస్తే అదే హిమోగ్లోబిన్, అంటే రక్తం బలం. కనీసం పదకొండు ఉండాలి, డోల్మాకు ఎనిమిది దగ్గరే కలిసింది.

నేను ఒప్పుకుంటానా! కొండల మీద గాలి పలచన, అందుకని అక్కడివాళ్ల రక్తం చిక్కగా ఉంటుందని నా పుస్తకం చెప్పింది మరి.

"మీకు రక్తం మస్తుంటదక్కా" అన్నాను.

"మస్తుంటే కండ్లెందుకు తిరుగుతున్నయన్నా?"

"కిందికి దిగిన్రు గద, గీ గాలి పడ్తలేదు."

ఆహా, ఏం తెలివి! తప్పు నా కళ్లదేనని ఇంకో చుక్క పోశాను, మరో చుక్క పోశాను. గొట్టంలోది నీళ్ల చాయ్‌లా అయ్యాక, పద్దెనిమిది గీత దగ్గర నా మనసు కుదుటపడింది. అదే రాసిచ్చాను.

డాక్టరుగారు కాగితం చూశారు. ఆమె కింది రెప్ప లాగి చూశారు. సున్నం కొట్టినట్టుంది.

"ఏందిది రాజయ్యా? గీమెకు పద్దెనిమిదా? మందు లేకుండ పంపుదునా?"

ఆయనే మళ్లీ వేలు పొడిచి చూశారు. ఎనిమిది. అప్పటికప్పుడు సూది వేశారు. నా రాత నమ్మి పంపేసి ఉంటే తల్లీబిడ్డా ఏమయ్యేవాళ్లో! అయినా నా నోరు ఊరుకోలేదు.

"కొండలోళ్లు గద సార్, గంతెత్తుల పుట్టినోళ్లకు..."

"ఏడ పుట్టినవమ్మా?" అని డాక్టరుగారు ఆమెనే అడిగారు.

"మైసూరు దిక్కు సార్, మా క్యాంపుల. సుట్టూ మక్కచేన్లే. కొండలు మా అమ్మ సూసింది. నేనెక్కిన కొండంటే మీ దవాఖాన మెట్లే. గవ్వి ఎక్కెటాలకే పానం పోయింది."

డాక్టరుగారు నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నారు. అసలు ఆ ఎత్తుల్లో పుట్టినవాళ్లలో కూడా అందరికీ రక్తం చిక్కగా ఉండదని చాలా ఏళ్లకు చదివాను. నా తప్పు కింద ఇంకో తప్పు కూడా ఉందన్నమాట.

కనుక గాజుగొట్టం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మొహం చూసి ఊరు, ఊరు చూసి రక్తం ఇకమీదట ఎన్నడూ చెప్పను.